జేబులో నలుగురు రాజులు

పద్ధతిగల మనిషి ఎట్లా మునుగుతాడో చూడాలంటే నా కథ వినండి. పద్ధతి లేనివాడు అందిన గడ్డిపోచ పట్టుకుని గట్టెక్కుతాడు. నేను మునుగుతూ కూడా లోతు రాసుకున్నాను.

తెలంగాణ కోసం బంద్‌లు జరుగుతున్న రోజులు. రేగోడ్ నుంచి వచ్చిన మా మామగారు బస్సుల్లేక మెదక్‌లో మా ఇంట్లోనే చిక్కుబడ్డారు. ఆయన సంచిలో వాళ్ల నాయన కాలం నాటి పేక కట్ట ఒకటి ఉంది. దానిమీద పెళ్లికి ముందు నుంచీ నా కన్ను. (పెళ్లిచూపుల్లో పిల్లకంటే దాన్నే ఎక్కువసేపు చూశానని మా ఆవిడ అంటుంది. అబద్ధం. ఇద్దరినీ సమానంగా చూశాను.)

"రేపు బస్సు నడువంగనే పోత అల్లుడా. గీ పత్తాలు నీకే ఇచ్చి పోత. నువ్వైతే పదిలంగ దాస్తవు" అన్నారు.

రేపటిదాకా ఆగితే అయిపోయేది. కానీ అప్పట్లో నాకొక పిచ్చి: కట్ట కట్టకూ ఆఠీన్ రాజు బొమ్మ ఎట్లా మారిందో డైరీలో రాయడం. మామగారు స్నానానికి పోగానే ఆయన రాజును బయటికి తీశాను. పక్కింటి బస్సు కండక్టర్ యాదగిరి మా ఇంట్లో వదిలిపోయిన రెండు కట్టల్లోంచి ఇద్దరిని, నా కట్టలోంచి ఒకడిని తీసి, నలుగురినీ వరుసగా నిలబెట్టి భూతద్దం పట్టాను. పాత రాజుకు చేతిలో గొడ్డలి, మూతిమీద మీసం. కొత్తవాళ్లకు రెండూ లేవు. పైగా కత్తి తమ నెత్తిలోనే దించుకుంటున్నారు. బొమ్మలు వేసేవాళ్లు ఒకరిని చూసి ఒకరు గీస్తూ తలా కాస్త పోగొట్టారన్నమాట.

అది రాసి ముగించేసరికి మామగారు తల తుడుచుకుంటూ వచ్చారు. వెనకే యాదగిరి. నలుగురు రాజులూ నా చొక్కా జేబులోకి దూకారు.

మామగారి కట్టతోనే ఆట మొదలైంది.

"ఏందిర యాదగిరీ, రాణి ఉంది, గులాం ఉంది, రాజు ఒస్తలేడు!"

"బంద్ కద పటేలా, ఆయనకు గూడ బస్సు దొరుకలే."

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. నవ్వుతూ, కిందపడిన ముక్క కోసం వంగాను. నలుగురు రాజులూ జంపఖానా మీద రాలారు.

"అల్లుడా! గింత దొంగాటనా! గదీ నాతోని!"

"గట్ల కాదు మామా, జర వినుండ్రి..."

"ఒక్క రాజును దాస్తె దొంగ అంటరు. నలుగురిని దాస్తె ఏమంటరు యాదగిరీ?"

"మంత్రి అంటరు పటేలా."

తేలు కుడితే దొంగ నోరు మూసుకుంటాడు. నేను దొంగను కాను గనుక నోరు తెరిచాను. "అంత డైరీల రాసిన! చదువు యాదగిరీ!"

యాదగిరి స్టేజీల పేర్లు అరిచే గొంతుతో చదివాడు: "నాలుగో రాజు. మామగారిది. మీసం ఉంది. గొడ్డలి ఉంది. ముఖంలో తెలివి మాత్రం లేదు. పరిశీలించగా, కట్ట యజమాని పోలికే."

ఫ్యాను కూడా మెల్లగా తిరిగినట్టు అనిపించింది. తలుపు దగ్గర నిలబడ్డ మా ఆవిడ అంది: "నాయినా, దొంగతనమైతే చెయ్యలే. అది రుజువైంది."

మర్నాడు బస్సు నడిచింది. మామగారు పాత కట్టను యాదగిరి చేతిలో పెట్టారు. అందులోంచి ఒక్క ముక్క తీసి నాకిచ్చారు.

"గిది నువ్వుంచుకో అల్లుడా. నా మొఖం యాదికుంటది."

ఆ పూటే డైరీలో ప్రతిజ్ఞ రాసి సంతకం పెట్టాను: ఇకముందు ఎవరి ముఖం గురించీ నిజం రాయను, తప్పక రాయాల్సి వస్తే, దాన్ని నా తరఫు సాక్ష్యానికి పిలవను.