కనకాంబరాల తోటలో పడిన తిట్లు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. తిరుపతి శివార్లలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొడక్ట్ డిజైన్ చెప్పమని నన్ను పిలిచారు. ఈ జిల్లాలో ఆ విద్యలో నన్ను మించినవాడు లేడు. అంటే, ఫ్యాక్టరీలో అచ్చులు చేసి చేసి రిటైరై, ఖాళీగా కూర్చున్నవాడు నేనొక్కడినే దొరికాను.

వస్తువు తయారుచేయడంలో మొదటి మెట్టు బొమ్మ గీయడం కాదు. వాడేవాళ్లను దగ్గరుండి చూడాలి. దాన్ని యూజర్ రీసెర్చ్ అంటాం. వాళ్ల కష్టమేమిటో ఒక్క వాక్యంలో రాయాలి. అది ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్. ఆ తర్వాతే అట్టతోనో పాత గుడ్డతోనో నమూనా కట్టాలి, అది మాకప్. పిల్లలు మాత్రం ఎప్పుడూ చివరిదానితో మొదలుపెడతారు.

నా విద్యార్థిని భార్గవిది చంద్రగిరి పక్క పల్లె. వాళ్లమ్మ రెడ్డెమ్మ కనకాంబరాలు పండిస్తుంది. తెల్లారగానే కోత మొదలు, పొద్దెక్కేసరికి నడుం పట్టేస్తుంది. ఇక ఓపిక లేదు, తోట పీకేస్తానంది. అది విని భార్గవి, నడుముకు కట్టుకునే అట్టబుట్ట ఒకటి చేసింది. చీర ఒడిలోని పూల బరువు పక్కలకు సర్దుకుంటే నొప్పి తగ్గుతుందని ఆమె ఆలోచన.

"అమ్మకు సూపించినాను సార్. శానా బాగుండాదనింది."

ఆ బుట్టలో లోపం మొదటి చూపులోనే పసిగట్టానని ఇన్నాళ్లూ అందరికీ చెబుతూ వచ్చాను. అబద్ధం. క్లాసంతా వినేలా మెచ్చుకున్నాను. వాళ్ల తోటకు వెళ్లింది కూడా రాగిసంగటి, నాటుకోడి పులుసు పెడతామన్నందుకే.

"రాండి సారూ, మా పాప తెలివి సూడండి," అంటూ రెడ్డెమ్మ బుట్ట కట్టుకుని సాలులోకి దిగింది. వంట అయ్యేదాకా పనిలేక గట్టు మీద కూర్చుని చూస్తున్నాను. మొక్కలు మోకాలెత్తు. వంగినప్పుడల్లా బుట్ట అంచు ఆమె పొట్టలో గుచ్చుకుంటోంది. మెల్లగా దాన్ని వీపు వైపు తిప్పేసి, చీర ఒడి కట్టుకుని పూలు అందులో వేసుకోసాగింది. కూతురు ఇటు తిరగగానే బుట్టను గబుక్కున ముందుకు లాక్కుంది.

భార్గవి చూడనే చూసింది.

"బాగుండాదంటివే మా?"

"నిద్ర మానుకోని సేసినావు. బాగలేదని యాడ సెప్పేది మే?"

"ఇప్పుడన్నా సెప్పు. బరువు తగ్గిందా, లేదా?"

"పూలకు బరువేంది? వంగి వంగి కదా నేను సచ్చేది!"

కనకాంబరాలు దోసెడు పట్టుకున్నా చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఆ సంగతి నాకూ తట్టలేదు, భార్గవికీ తట్టలేదు. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నేనేదో గొప్ప మాట చెప్పానని రాయాలనే ఉంది గానీ, అదీ అబద్ధమే అవుతుంది. ఆమే కళ్లు తుడుచుకుని తల్లి పక్కన సాలులోకి దిగి, "నువ్వు కొయ్ మా. నేనేమీ అడగను, సూస్తా," అంది.

తర్వాతి వారం, వంగకుండా కూర్చుని కోసేలా, నడుముకు కట్టుకుంటే వెంటే వచ్చే చిన్న పీట ఒకటి చేసి పట్టుకెళ్లింది. మరునాడు క్లాసుకు ఎగురుకుంటూ వచ్చింది.

"సార్, మాయమ్మ తిట్టింది!"

"ఏమని?"

"'ఇదేం పీట మే, తొడలు గీరుకపోతాండాయి' అనింది. అంటానే సాలంతా కోసేసి, మళ్లా తిట్టింది."

"తోట పీకేస్తుందా మరి?"

"పీట సరిజేసి తెచ్చినాక సూస్తాదంట."

ఆ రోజు నుంచి, చేసిన వస్తువు చూపించి "ఎలా ఉంది?" అని అడగడం నా క్లాసులో నిషేధం. మనవైపు ఎవరినడిగినా బాగుందనే అంటారు, మర్యాద అలాంటిది. వాళ్ల చేతికిచ్చి, పక్కన కూర్చుని చూడమంటాను. తిట్లు మొదలయ్యాయంటే ఆ వస్తువు వాళ్లకు పనికొస్తోందన్నమాట.