ఒంటికి పోయినవా, బిడ్డా?

ఈ ఉదయం చండ్రుగొండ దాటి అడవి అంచు రోడ్డులోకి బండి తిప్పానో లేదో, కల్లంలో ఎండుతున్న మిర్చి ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. వరసగా ఏడు తుమ్ములు. బండి పక్కకు ఆపి కళ్లు తుడుచుకుంటుంటే నాకే నవ్వొచ్చింది. ఇన్నేళ్లుగా వ్యవసాయ విస్తరణాధికారిగా ఈ ఊళ్లు తిరుగుతున్నా నా ముక్కు మాత్రం ఇంకా ఉద్యోగంలో చేరలేదు. ఈ ఘాటు తగిలినప్పుడల్లా రజియా సిస్టర్ గుర్తొస్తుంది. ఆమె ఇక్కడి ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సుగా చేసి రిటైరైంది. ఆమెతోపాటు ఆమె అడిగే ప్రశ్న కూడా గుర్తొస్తుంది. నలుగురిలో ఎవరూ అడగని ప్రశ్న అది.

మొదటిసారి ఆ ప్రశ్న విన్నది నేను కూసుమంచి నుంచి కొత్తగా ఇక్కడికి వచ్చిన రోజుల్లో. వెంకన్న అనే రైతు మిరప చేలో నిలబడి, పొడి ఎండలకు తామర పురుగు ఎలా పెరుగుతుందో పెద్ద పాఠం చెబుతున్నాను. ఇంతలో నెత్తిన కొంగు, భుజాన సంచితో ఒక నడివయసు మనిషి గట్టు మీదుగా వచ్చింది. నన్ను దాటుకుని నేరుగా సాళ్లలోకి దిగి, కాయలు ఏరుతున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే అడగసాగింది.

"ఒంటికి పోయినవా, బిడ్డా? పొద్దుగాల నుంచి ఎన్నిసార్లు పోయినవ్?"

మూత్రానికి వెళ్లావా అని, అందరి ముందూ, గొంతైనా తగ్గించకుండా! వెంకన్న ముఖం తిప్పుకుని ఆకాశం చూశాడు. నా పాఠం గాలికి పోయింది. మనిషి ఎదురైతే అన్నం తిన్నావా అని అడగడం మన అలవాటు. ఈమె రెండో కొసనుంచి మొదలుపెట్టింది.

ఆ రోజు ఇద్దరం ఒకే ఆటోలో వెనక్కి వచ్చాం. ఉండబట్టలేక, "అంతమంది మగవాళ్ల ముందు అలా అడగాలా సిస్టర్?" అన్నాను.

"మరి ఏడ అడగాలె, మేడం? పడిపోయి దవాఖానకు వచ్చినంక అడిగితే ఏం లాభం?" అంది సిస్టర్. "పొద్దుగాల్నే చేన్ల దిగుతరు. నీళ్లు తాగితే పోవాలె. పోదామంటే గట్టు మీద మగోళ్లు. ఇగ మిరప ఏరిన చేతులు. గా చేతులతోని పోతే ఎంత మంటనో ఎరికేనా నీకు? అందుకే తాగరు. తాగకుంట ఎండల ఉంటే పానం ఏమైతది?"

ఆమె సంచిలో మందులతోపాటు సబ్బు ముక్కలు, కొబ్బరినూనె సీసా ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. నాలుగేళ్లు వ్యవసాయం చదువుకున్నాను. మిరప మొక్క ఆకు ముడుచుకుంటే ఎందుకు ముడుచుకుందో చెప్పగలను. ఆ మొక్క పక్కన వంగి నిలబడిన మనిషి ఎందుకు నీళ్లు తాగదో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

దిగేముందు సిస్టర్ నా ఫోను వైపు చూపించి, "గా ఫోన్ల వానొస్తదని వస్తది, మబ్బొస్తదని వస్తది. ఎండ మిరపకే కొడ్తదా, మనిషికి కొట్టదా? అది గూడ చెప్పరాదూ?" అంది. నవ్వి ఊరుకున్నాను. ఆ మాట చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు.

ఆపై రెండో ఏడు, శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు, ఆ ఏడు అంతవరకు కూడా ఆగలేదు. ఎండలు ముందే ముదిరాయి. దానికి తోడు ఎల్లుండి వాన పడుతుందని సూచన వచ్చింది. పండిన కాయ తడిస్తే మచ్చ పడుతుంది. నేను ఊరూరా ఫోన్లు చేశాను. "వెంకన్నా, రేపు సాయంత్రంలోగా ఏరించెయ్, ఒక్క కాయ కూడా ఉంచకు" అన్నాను. అతను అదే రోజు ఇరవై మందిని మాట్లాడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం నా సలహా ఎంత బాగా అమలవుతోందో చూసుకుందామని వెళ్లాను. అవును, మురిసిపోవడానికే వెళ్లాను.

చేను చివర సమ్మక్క అనే ఆమె తూలుతూ కనిపించింది. పిలిస్తే ఏదో సంబంధం లేని మాట అంది. అలాగే సాలులో కూలబడింది. పట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. వెంకన్న అంబులెన్సుకు ఫోన్ చేశాడు. నేను పక్క చేలో ఉన్న సిస్టర్‌కు చేశాను. చేసి, ఒక్క పరుగున వెళ్లి గట్టు పక్కన కనబడిన డ్రమ్ములో బిందె ముంచాను.

"అరే, ఆగు! అది మందు కలిపే డ్రమ్ము!"

పరుగున వస్తున్న సిస్టర్ అరుపు అది. బిందె చేతిలోంచి జారిపోయింది. పురుగుమందు డ్రమ్ముల గురించి ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని నేనే.

"వెంకన్నా, జల్దీ మోటరెయ్!" అంది సిస్టర్. సమ్మక్కను పందిరి నీడకు మోసుకెళ్లి, బోరు పైపు తెచ్చి నెత్తి మీద, మెడ మీద నీళ్లు పట్టాం. తడిసిన ఆమె ఒంటికి గాలి తగిలేలా ఆడవాళ్లు కొంగులతో విసురుతున్నారు. నేను ఆమె పాదాలు పట్టుకుని కూర్చున్నాను. నా ఒక్క మాట మీద ఈ మనిషి పొద్దున్నుంచీ వంచిన నడుం ఎత్తలేదు. ఈమెకేమైనా అయితే అది నా వల్లే అని తెలుసు. అంత భయం నేను ఎన్నడూ ఎరగను.

ఎంతసేపటికో సమ్మక్క చూపు కుదురుకుంది. "నీ పేరేంది, బిడ్డా?" అని సిస్టర్ అడిగితే సరిగ్గా చెప్పింది. అప్పుడు సిస్టర్ చెంచాతో ఓఆర్ఎస్ నీళ్లు పట్టించడం మొదలుపెట్టింది. గ్లాసు, మరో గ్లాసు. అంబులెన్సు ఇంకా రాలేదు. సమ్మక్క సిస్టర్ చేయి పట్టుకుని ఏదో గొణిగింది.

"ఏంది? గట్టిగ చెప్పు."

"ఒంటికొస్తాంది, సిస్టరమ్మా."

సిస్టర్ ఒక్కసారిగా నేల మీద చతికిలబడి నవ్వింది. నవ్వుతుంటే కళ్ల నీళ్లు కారాయి. "అవ్, ఒంట్ల నీళ్లు చేరినయ్, గిప్పుడు బతికినవ్!" అంది. నలుగురు ఆడవాళ్లు చీర చుట్టూ పట్టి పరదా కట్టారు. మరొకామె ముందుగా ఆమె చేతులకు నూనె రాసి, సబ్బుతో రుద్ది కడిగింది. అందరం నవ్వుతున్నాం, అందరం ఏడుస్తున్నాం. గుండె మీంచి బండ దిగడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. అయినా సిస్టర్ వదలకుండా ఆమెను అంబులెన్సులో దవాఖానకు పంపింది. సమ్మక్క మర్నాడు ఇంటికొచ్చింది.

అంబులెన్సు వెళ్లాక సిస్టర్ నావైపు తిరిగింది. "నువ్వెప్పుడు పోయినవ్, మేడం?"

పొద్దున ఇంట్లో, అన్నాను తల వంచుకుని. ఈ ఉద్యోగంలో అప్పటిదాకా నేనూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు ముట్టేదాన్ని కాదు. అధికారిని కదా, ఎవరిని అడగను?  సిస్టర్ నాకు పరదాగా చీర ఒక కొస తను పట్టుకుని, రెండో కొస వేరొకరికి అందించింది.

వాన చెప్పిన రోజే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఏరడం ఆపేయడంతో మిగిలిన సాళ్లలో కాయ తడిసి మచ్చ పడింది. వెంకన్న ఆ మాట ఇప్పటిదాకా నాతో ఎత్తలేదు.

రైతుల వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు నేను పెట్టే వాతావరణ సందేశంలో వాన, గాలి, పురుగు అయ్యాక మరో వాక్యం ఉంటుంది: ఎండ ముదరకముందే ఏరడం ఆపండి, నీళ్లు పెట్టండి, పరదా కట్టండి, సబ్బు ఉంచండి. మొదట్లో నవ్వే బొమ్మలు వచ్చిపడేవి. పడనీ అనుకున్నాను. సిగ్గుపడి ఊరుకుంటే ఏమవుతుందో చూసినదాన్ని. నిన్న మధ్యాహ్నం వెంకన్న నుంచి జవాబొచ్చింది: "మేడం, తెచ్చిన మూడు క్యాన్ల నీళ్లు అప్పుడే ఒడిసినయ్. ఇంకో రెండు తెప్పిస్తున్న."