ఇస్పేటు రాణి విచారణ

గుంటూరు క్లబ్బు పేకాట పోటీల్లో ఓడి వచ్చినప్పుడల్లా మా బాబాయి తన చేతికొచ్చిన ముక్కల్నే మళ్లీ పరిచి, జడ్జీలా విచారణ పెట్టేవాడు. తప్పు ఎదుటివాడిదో, ముక్కలు పంచినవాడిదో అని తేలేది. ఆయనది ఒక్కనాడూ కాలేదు.

ఓసారి కల్లంలో ఎండుతున్న మిరపకాయల పక్కన కూర్చుని అదే పనిలో ఉన్నాడు. మబ్బు పట్టింది.

"ఏవండీ, ఈ టార్పాలిన్ పట్టా ఓ కొస పట్టుకోండి," అని పిన్ని మూడుసార్లు పిలిచింది.

"ఉండవే, ఈ ఇస్పేటు రాణి సంగతి తేలనీ."

వాన దంచింది. మహానుభావుడు పేకముక్కల్ని చొక్కాలో భద్రంగా దాచుకుని వసారాలోకి పరుగెత్తాడు. ఏడాది పంట తడిసి రంగు పోయింది.

మర్నాడు పాడైన కాయలు ఏరుతున్న పిన్ని ఎదుట కూర్చుని, దానిమీదా విచారణ జరిపాడు.

"తప్పు నీదే. మబ్బు చూడగానే కప్పేయాల్సింది."

పిన్ని తలెత్తలేదు.

"నాదేలెండి. మిమ్మల్ని పిలుస్తూ నిలబడ్డాను."