శనివారం మూసి ఉండే హార్మోనియం

ఫ్లోరా మిస్ దగ్గర్నుంచి ఫిబ్రవరి చివర్లో ఒక ఇన్లాండు లెటరు వచ్చింది. విశాఖపట్నం కాన్వెంటులో ఆవిడ నాకు ఆరేళ్ళు పాట నేర్పారు. నాకు గొంతు లేదు. వరస చివర నిలబడి పెదవులు కదపడం కూడా పాటలో భాగమేనని చెప్పిన మనిషి ఆవిడ. భర్త సాల్మన్ గారు పోయి రెండేళ్ళయిందనీ, దొండపర్తిలో ఇల్లు ఖాళీ చేసి బొంబాయిలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాననీ రాశారు. ఆయన హార్మోనియాన్ని మా స్కూలుకి ఇవ్వాలనుకుంటున్నారు, కాని అది పలకడం మానేసింది. ఇచ్చేముందు ఒక్కసారి వినాలని ఉందట. చివర, ఎండల గురించి రాసినంత మామూలుగా, 'వాల్తేరులో యూదుల ఇల్లు ఇక మాదొక్కటే' అని ఉంది.

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పేరు చూసి ఆవిడని క్రైస్తవురాలనుకునేవాళ్ళం. శనివారం పూట స్కూలుకి రారు కాబట్టి వెంకన్నకి ఒక్కపొద్దు ఉంటారనీ అనుకునేవాళ్ళం. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయని మేం ఎవరం అడగలేదు. యూదులు బైబిలు క్లాసులో ఉంటారని తెలుసు. దొండపర్తిలో ఉంటారని తెలియదు.

తుని లైబ్రరీలో నా ఉద్యోగం చిన్నది, సెలవులు అంతకన్నా చిన్నవి. అయినా ఆ ఆదివారమే వెళ్ళి, హార్మోనియాన్ని వన్‌టౌన్‌లో ఖాదర్ సాయిబు గారి దుకాణంలో ఇచ్చి, అంతా కొత్తదానిలా చెయ్యమని చెప్పి వచ్చాను. మార్చిలో ఒక శనివారం తీసుకోవాలి. మిస్ మర్నాడే బొంబాయి ప్రయాణం. 'శనివారం చీకటి పడ్డాక తీసుకురా' అని ఆవిడ కార్డు రాశారు. స్కూల్లో సిస్టరు మాత్రం ఆరు గంటల్లోగా గేటు దగ్గర అప్పగించమన్నారు. నా తిరుగు పాసింజరు ఆరూ పదికి. పెద్దావిడ ఎండకి జంకి అలా రాశారనుకుని, నాలుగింటికే తెస్తానని జవాబు వేశాను.

తునిలో ఉదయం అయిదున్నర పాసింజరు ఎక్కితే తొమ్మిదికి వాల్తేరు స్టేషను. ఎడమవైపు కిటికీ దొరికితే కొండలు, కుడివైపయితే ఎండ. నాకు కుడివైపు దొరికింది. స్టేషను బయట వన్‌టౌన్ వెళ్ళే సిటీ బస్సు ముప్పావలా. కురుపాం మార్కెట్ దగ్గర దిగి, ఎడమ సందులో నాలుగో దుకాణం. బోర్డు లేదు, గుమ్మానికి ఒక పాత తిత్తి వేలాడుతూ ఉంటుంది.

ఖాదర్ సాయిబు గారు డెబ్బై దాటిన మనిషి. హార్మోనియం తిత్తికి కొత్త తోలు అంటించి, దానిమీద ఇటుకలు పేర్చి, పక్కన కూర్చుని ఉన్నారు.

"ఏటమ్మా, బండి దిగి తిన్నగా ఇటే వచ్చీసినావా? టీ తాగినావా?"

"నిన్నటికి అయిపోతుందన్నారు కదండీ," అన్నాను.

"నిన్న సుక్కురోరం. మద్దేనం నమాజుకెల్లిపోనాను. ఇయ్యాల శనోరం, టీచరమ్మ ముట్టదు. రేపు ఆదోరం, మీ సిస్టర్లు గేటు తియ్యరు. మరి ఈ పెట్టి పాడీదెప్పుడు తల్లీ?" అని పొట్ట ఊగేలా నవ్వారు.

మర్యాదకి నేనూ నవ్వాను. ఆయన కూడా ఒక్కపొద్దు గురించే అంటున్నారనుకున్నాను.

"జిగురు ఎప్పటికి ఆరుతుంది?"

"సముద్రం గాలి. రెండవుద్ది. జల్దీ అంటే జిగురు ఇంటాదా?"

ఆయన ఒక మెట్టు మీద వేలు పెట్టి చూపించారు. తక్కిన రీడ్లన్నిటికీ ఉప్పుగాలి పట్టించిన పచ్చటి తుప్పు గీకేశారు. దీన్ని మాత్రం వదిలేశారు. "ఇది రవ్వ దిగి పలుకుతాది. పాడయిపోయి కాదు. ఇరవై ఏళ్ళ కింద సాల్మన్ సారే నా సేత గీకించినాడు. ఆయన గొంతు అక్కడికే అందీది. నువ్వేమో కొత్తదానిలా సెయ్యమన్నావు. సరిసెయ్యమంటావా, ఉంచమంటావా?"

ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పడం నాకు చేతకాదు. పుస్తకాల్లో అయితే రెండు పేజీలు వెనక్కి తిప్పి చూసుకుంటాను. "ఉంచెయ్యండి," అన్నాను చివరికి. తిత్తి విప్పినప్పుడు లోపల దొరికాయంటూ ఆయన ఒక పొట్లం చేతిలో పెట్టారు. ఎండి రాయిలా అయిన గుప్పెడు అటుకులు. ఎలుక దాచుకుని ఉంటుందన్నారు.

రెండింటిదాకా కూర్చోలేకపోయాను. ఫిషింగ్ హార్బరు దాకా నడిచాను. వేలం ఎప్పుడో తెల్లారకముందే అయిపోయింది, ఐసు కరిగిన నీళ్ళు కాళ్ళకింద పారుతున్నాయి. వాచీ చూసుకుంటూ జెట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి మూడుసార్లు తిరిగాను. ఎండుచేపలు అమ్మే ఆవిడ చూస్తూనే ఉంది.

"ఏటి పాపా, తిరిగిందే తిరుగుతన్నావు? ఎవులికోసం?"

"జిగురు ఆరాలండి."

"జిగురా! నాను పెళ్ళికొడుకనుకున్నాను గదే!" అని పక్కావిడని మోచేత్తో పొడిచింది. ఇద్దరూ నవ్వుతుంటే నేను వచ్చిన దారినే వేగంగా వెనక్కి నడిచాను. కురుపాం మార్కెట్ దగ్గర మూడు రూపాయల భోజనం చేశాను. పప్పు బాగుందని ఇప్పుడు అనిపిస్తోంది, అప్పుడు రుచి తెలియలేదు.

రెండన్నారు గాని మూడు దాటింది. దొండపర్తికి రిక్షా నాలుగు రూపాయలు. రిక్షా అతని పేరు సింహాచలం. గతుకు వచ్చినప్పుడల్లా నేను పెట్టెని గట్టిగా పట్టుకుంటుంటే, "పర్లేదమ్మా, ఆ పిల్లకేటీ అవదు. నాను మెల్లిగానే తొక్కుతన్నాను," అన్నాడు. లెవెల్ క్రాసింగు దగ్గర ఇనప ఖనిజం వ్యాగన్లు పోర్టుకి వెళుతూ పావుగంట ఆపేశాయి. యాభై ఎనిమిది వ్యాగన్లు. మనసు నిలవనప్పుడు నేను ఏదో ఒకటి లెక్కపెడతాను.

ఫ్లోరా మిస్ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఇల్లంతా కట్టిన మూటలు. స్టవ్ వెలిగించిన జాడ లేదు. నేను తెచ్చిన అరటిపళ్ళు ఇచ్చి, "మీకు ఒక్కపొద్దు కదా మిస్," అన్నాను.

"ఒక్కపొద్దా?" ఆవిడ నా ముఖంలోకి చూశారు. "ఈ రోజు మాకు కడుపునిండా తినే రోజు కమలా. వంట నిన్ననే అయింది. నిప్పు ముట్టుకోం, పని ముట్టుకోం. కొంకణంలో మా తాతలు గానుగ ఆడేవాళ్ళు. శనివారం ఎద్దుని కూడా విప్పేసేవాళ్ళు. సాయంత్రం మూడు చుక్కలు కనిపించేదాకా అంతే. అందుకే చీకటి పడ్డాక రమ్మన్నాను."

సబ్బాతు, యూదుల విశ్రాంతి దినం. బైబిలు పరీక్షలో దానిమీద పది మార్కుల ప్రశ్నకి తొమ్మిది తెచ్చుకున్నదాన్ని నేను. చెవులు వేడెక్కాయి.

పెట్టెని గుడ్డతో సహా బల్లమీద పెట్టించారు. గుడ్డమీద అరచెయ్యి ఆనించి, వెంటనే తీసేశారు. గోడ గడియారంలో నాలుగున్నర. ఆరింటికి స్కూలు గేటు, ఆరూ పదికి నా రైలు. చుక్కలు ఆరున్నర దాటితేగాని రావు.

"నేను వాయిస్తాను మిస్. నాకు అడ్డు లేదు కదా."

"నీకు లేదు. కాని నాకోసం వాయిస్తావు. అది నేను వాయించినట్టే." గడియారం వైపు చూసి, "సిస్టరుకి ఆరింటికని మాటిచ్చాం. తీసుకెళ్ళమ్మా. ముప్ఫై ఏళ్ళు విన్నాను, చాలదూ?" అన్నారు.

సింహాచలం రోడ్డు మీద బెల్లు కొడుతున్నాడు. నేను లేచాను, కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఇంతవరకు ఏ సిస్టరు మాటా దాటలేదు. నాన్నకి చెప్పకుండా ఒక్క రాత్రి కూడా బయట ఉండలేదు. ఇంటికి ఫోను లేదు. తొమ్మిదిన్నరకి ఆయన తుని ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటారు.

పక్కింటి గుమ్మంలోంచి తెల్ల డ్రెస్సులో, జెండాలు చంకన పెట్టుకుని ఒకాయన దిగారు. "మిస్సమ్మా, డ్యూటీకెల్తన్నాను. తెల్లారేసరికి తిరిగొచ్చీసి రేపు స్టేషనుకి నానే దింపుతాను," అని కేక వేశారు. అప్పన్న గారట, సాల్మన్ గారి దగ్గర పని నేర్చుకున్న రైల్వే గార్డు.

"ఏ బండి అండీ?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఆరూ పది పాసింజరు. ఏం?"

లైబ్రరీ రసీదు వెనక, పాట విని రేపు ఇదే బండికి వస్తానని రాసి చేతికిచ్చాను. "తునిలో మా నాన్నగారు ఉంటారు."

"ఎలా పోల్సాలి?"

"గొడుగు ఉంటుంది."

"వాన లేదు గదమ్మా."

"అయినా ఉంటుంది."

"అయితే దొరికిపోతాడులే." చీటీ జేబులో పెట్టుకుని, రిక్షా వైపు తిరిగి, "బావా, స్టేషనుకెల్లాలి, తొక్కు!" అన్నారు. సింహాచలాన్ని రేపు పదింటికి రమ్మన్నాను. మిస్ నాకొక కుర్చీ జరిపారు.

ఆ తర్వాత ఇద్దరం ఆకాశం చూస్తూ కూర్చున్నాం. పశ్చిమాన మొదటి చుక్క తొందరగానే వచ్చింది. రెండోదని నేను చూపించింది పోర్టు క్రేను మీది దీపం. ఇంజన్ల పొగ ఒకటి మీద ఒకటి కమ్ముతోంది. అప్పటికే అటు ఆరూ పది కూత వేసి వెళ్ళిపోయింది. రెండోది దొరికేసరికి మెడ నొప్పెట్టింది. లోకో షెడ్డు నీళ్ళ ట్యాంకు పైన మూడోది ఒకసారి కనిపించి పొగలో మునిగింది. "అది చాలా మిస్?" అంటే, "మళ్ళీ రానీ," అన్నారు. వచ్చింది.

శనివారం ముగిసిందని ఆవిడ పురి పెట్టిన కొవ్వొత్తి వెలిగించారు. లవంగాలు వాసన చూసి నాకూ ఇచ్చారు. అప్పుడు గుడ్డ తీశారు. ఏలియా ప్రవక్తని తలుచుకుని శనివారం చివర పాడుకునే పాట ఒకటి ఉందట. తిత్తి మొదట దగ్గినట్టు ఊపిరి తీసుకుని, ఆ తర్వాత నిండుగా పలికింది. పాట మధ్యలో ఆ దిగిన మెట్టు దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. ఒక మగగొంతు అక్కడ ఊపిరి పీల్చుకోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగి, మళ్ళీ కదిలింది. పాట ముగిశాక అటుకుల పొట్లం ఇచ్చాను. మొక్కు తీరినప్పుడు వాళ్ళింట్లో కొబ్బరీ బెల్లం అటుకులూ కలిపి అందరికీ పెడతారట. "ఆయన పాడుతూనే తినేవారు," అన్నారు. "పెట్టె మీద అటుకులు కనిపిస్తే నేను ఎలుకని తిట్టేదాన్ని."

ఆదివారం ఉదయం ఆవిడని రైలెక్కించి, అప్పన్న గారి భార్య పెట్టిన ఉప్మా తిని, పదిన్నరకి స్కూలు గేటు తట్టాను. "నిన్న ఆరింటికన్నాను," అన్నారు సిస్టరు. నిన్న దాన్ని ముట్టుకోకూడని రోజని చెప్పాను. "ముప్ఫై ఏళ్ళు ఆవిడకి శనివారం సెలవు రాసింది నేనే, నాకే తట్టలేదు," అన్నారు ఆవిడ. మిస్ పెట్టిన ఒక్క షరతూ చెప్పాను. సిస్టరు డైరీ తీసి రాసుకున్నారు.

తిరుగు రైల్లో నాకు కొండలవైపు కిటికీ దొరికింది, అయినా బయటికి చూడలేదు. ఖాదర్ గారు నిన్న పొద్దున్నే నవ్వుతూ చెప్పేశారు. మిస్ కార్డులో రాశారు. నా సొంత పరీక్ష పేపర్లో కూడా ఉంది. అన్నీ చదివినదాన్ని, నాకు తెలిసిన మనిషి గురించే అవి చెబుతున్నాయని మాత్రం అనుకోలేదు. హార్మోనియాన్ని కొత్తదానిలా చెయ్యమన్న తొందర కూడా అలాంటిదే. సాల్మన్ గారు తన గొంతుకోసం దించుకున్న స్వరాన్ని నేనే సరిచేయించి ఉండేదాన్ని. తునిలో నాన్న గొడుగుతో నిలబడి ఉన్నారు. నిన్న ఎందుకు ఆగావని అడగలేదు, పాట బాగుందా అని అడిగారు.

ఇప్పుడది స్కూలు పాటల గదిలో ఉంది. ముందువైపు 'సాల్మన్, గార్డు, వాల్తేరు' అని ఇత్తడి రేకు. చూడాలనుకునేవారు పనిరోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత వెళ్ళి గేటు దగ్గర అడగండి, ఎవరైనా వాయించి వినిపిస్తారు. శనివారం ఒంటిపూట బడి ఉన్నా ప్రార్థన ఉత్త గొంతుల్తోనే పాడతారు, పెట్టెకి మూత వేసి ఉంటుంది. ఎందుకని అక్కడి పిల్లల్ని అడగండి. మాకు తెలియనిది వాళ్ళకి తెలుసు.