నూట పదమూడు తర్వాత

నిన్న బడికి వెళ్తూ నాగావ్ దాటుతుంటే కరెంటు పోయింది. వీధికి రెండు వైపులా సాంచాలు, అదే మరమగ్గాలు, ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మోత ఆగితే చెవుల్లో కాసేపు గుయ్యిమంటుంది. అది వినబడితే చాలు, నాకు రాజమల్లు మామ గుర్తొస్తాడు.

మామ మాకు చుట్టం కాదు. నార్పోలిలో ఒంటిగదుల వరస మా చాల్; అందులో ఆయనది మా పక్క గది. ఊళ్ళో పదో తరగతితో చదువు ఆగిపోయి సాంచాల మీదికి వచ్చిన మనిషి. కరెంటు పోతే తోటివాళ్ళు చాయ్‌కి పోయేవారు. ఆయన పాత క్యాలెండర్ కాగితం తిరగేసి భాగహారం చేసేవాడు. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వరుసగా పేరిస్తే వచ్చే 1234567 ప్రధాన సంఖ్యేనా, అంటే ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ తెగదా అన్నది తేల్చాలని ఆయన పంతం. నేనప్పుడు ఏడో తరగతి.

"కాల్కులేటర్ల కొడితే అయిపోతది గద మామా?"

"మిషన్ పని పొద్దంత జేస్తనే ఉన్న. గిదన్న నా చేత్తోని కానీ బిడ్డా. 1111 లోపటి ప్రధాన సంఖ్యలతోని భాగిస్తె చాలు. అంతకంటె పెద్దది పోయేదుంటె, దాని జోడీ చిన్నది ముందుగాల్నే దొరకాలె."

మొత్తం నూట ఎనభై ఆరు భాగహారాలు. అందులో వందకూ రెండు వందలకూ మధ్యనున్న ఇరవై ఒకటి నాకు అప్పజెప్పాడు. నన్నంత లెక్కలోకి తీసుకున్న పెద్దమనిషి అంతకుముందు లేడు. అయిదు బుద్ధిగా చేశాను. నూట పదమూడు అయ్యేసరికి విసుగొచ్చింది. మిగతా పదహారింటి పక్కనా "పోదు" అని రాసి ఆటకు పరిగెత్తాను. పక్క సాంచా మీది గుడ్డను కూడా వేలితో తడిమి చూసే మనిషి, నా కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చూడవా మామా?"

"నువ్వు జేసినవ్ గద. మళ్ల నేనేం జూడాలె?"

ఆయన వంతు పూర్తవడానికి ఏడాది దాటింది. ఏదీ పోలేదని తేలిన రోజు చాల్ అంతా పేడాలు పంచాడు. ఎందుకో తెలియకపోయినా అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

డిగ్రీలో ఉండగా ఒక మధ్యాహ్నం ఎందుకో ఆ పదహారూ చేయడానికి కూర్చున్నాను. మొదటిదే 127. సరిగ్గా 9721 సార్లు పోయింది. ఆనాడు ఇంకొక్కటి చేసి ఉంటే సరిపోయేది. ఆ భాగహారం చేసిన కాగితం పట్టుకుని మామ దగ్గరికి వెళ్ళాను. అప్పటికే ఆయాసంతో పని మానేసి మంచం మీద ఉన్నాడు. నేను నోరు తెరవకముందే, చూడవచ్చిన వాళ్ళతో అన్నాడు: "గీ బిడ్డ, నేను కలిసి తేల్చినం. ఏడంకెల ప్రధాన సంఖ్య!"

"అవును మామా," అన్నాను.

ఆ వానాకాలంలోనే పోయాడు. నిజం చెబితే బాధపడేవాడని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయనకు కావలసింది అవునో కాదో తేలడం. 127 అని చెబితే పెన్సిల్ అడిగి తీసుకుని, అక్కడే భాగించి చూసి మురిసిపోయేవాడు. నేను కాపాడుకున్నది నా పరువు ఒక్కటే.

ఇప్పుడు లెక్కల టీచర్‌ని. పిల్లలు "చేసేశాం టీచర్" అంటే కాగితం చూపించమంటాను. మా మీద నమ్మకం లేదా అని మొహం ముడుచుకుంటారు. నమ్మకం లేనిది వాళ్ళ మీద కాదని ఇంతవరకూ చెప్పలేకపోయాను.