ఐసు కరిగేదాకా ఆట

కొత్త గేమ్ కన్సోళ్లు పోయిన తరంవాటంత అమ్ముడుపోవడం లేదట. పొద్దున్నే ఫోన్‌లో ఆ వార్త చదివి, అటక మీంచి మా పాత వీడియో గేమ్ దింపాను. పెట్టె తెరిస్తే అదే వేడి ప్లాస్టిక్ వాసన.

మీరూ క్యాసెట్‌ని ఉఫ్‌మని ఊది పెట్టినవాళ్లే కదా! మా భీమవరం ఇంట్లో ఇంకో తంతు ఉండేది. కాసేపు ఆడితే అడాప్టర్ చెయ్యి కాలేంత వేడెక్కేది. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే నాన్న, రొయ్యల పెట్టెలకు కొట్టిన ఐసులోంచి ఓ ముక్క తెచ్చి స్టీలు డబ్బాలో వేసి, మూత మీద అడాప్టర్ పెట్టేవారు. ఐసు కరిగితే ఆట కట్టెయ్యాలి. అది అమ్మ రూలు. అక్కా నేనూ డబ్బా ఊపి, లోపల ముక్క గలగలమంటే మళ్లీ ఆడేవాళ్లం.

తర్వాత సీడీలతో ఆడే వీడియో గేమ్ వచ్చింది. కొనమని అమ్మని కొట్టుకి తీసుకెళ్లాం.

"ఇది వేడెక్కదండి. పిల్లలు రోజంతా ఆడుకోవచ్చండి" అన్నాడు కొట్టాయన.

"రోజంతా ఆడేదైతే అసలే వద్దండి" అని అమ్మ మమ్మల్ని లాక్కొచ్చేసింది. ఆ రోజు దారంతా ఏడ్చాను.

ఇవాళ పాతదాన్నే టీవీకి తగిలిస్తుంటే మా అమ్మాయి అడిగింది, "కొత్తది కొనవా అమ్మా?"

"కొనను. ఫ్రిజ్‌లోంచి ఐసు పట్రా."