పుట్టింటి కాన్పుకి ఒక గడి

దుర్గ్ దగ్గర, చరోదా అవతలి పల్లెలో మా డాక్టరు గారి దవాఖానాకి పాత కంప్యూటర్ ఒకటి వచ్చింది. డిగ్రీ చదివి, సుపేలాలో కంప్యూటర్ నేర్చుకుని, ఇంట్లో అందరితో వాదిస్తూ కూర్చున్న నన్ను ఆయన పనిలోకి పిలిచారు. జబ్బు ముదిరాక మందివ్వడం కాదు, ముదరకముందే మనిషిని పిలిపించాలని ఆయన పట్టుదల. ఎవరి పిల్లకి టీకా వేళయిందో, ఏ గర్భిణికి బీపీ చూడాలో పొద్దున్నే తెర మీద కనిపించేది.

బాగానే ఉంది. కానీ ఆ పల్లెలో రైల్వేలో రిటైరై ఇళ్ళు కట్టుకున్న మన శ్రీకాకుళం వాళ్ళు చాలామంది. వాళ్ళ కోడళ్ళు కాన్పుకి పుట్టింటికి రైలెక్కేవారు. అక్కడేం జరిగిందో ఇక్కడ ఎవరూ అడగరు. మా కంప్యూటర్ మాత్రం అందరికీ ‘మొదటి కాన్పు: నార్మల్’ అని చూపించేది.

“ఇది ఎవరు చెప్పారండీ?” అని డాక్టరు గారిని నిలదీశాను.

“దీదీ, ఖాళీగా వదిలితే ప్రోగ్రాం ముందుకి కదలదు. అందుకే అలా పెట్టాను.”

“కదలకపోతే ఆగనివ్వండి. తెలియదని ఒప్పుకోవడానికి దానికేం కష్టం?”

రెండు రోజులు నా మీద విసుక్కున్నారాయన. తరువాత ఆ మొదటి కాన్పు గడిలో ‘తెలియదు’ అన్న జవాబు కూడా పెట్టించారు. అలా ‘తెలియదు’ అని తేలిన వాళ్ళని ఒక్కొక్కరినే నేను అడగడం మొదలుపెట్టాను.

ఒకామె కోడలికి రెండోసారి ఆరో నెల. మొదటి కాన్పు ఎలా అయిందని అడిగితే, కోడలు నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

“బాగానే అయినాదమ్మా. ఏటి కొత్తగా అడుగుతున్నావు?”

“మీరు అక్కడున్నారా పిన్నీ?”

“నానెందుకుంటాను? పుట్టింట్లో కదేటి!”

“మరి మీకెలా తెలుసు? ఆ పిల్లని చెప్పనివ్వండి.”

కోడలు తల వంచుకుని చెప్పింది. నొప్పుల్లో ఫిట్స్ వచ్చాయట, ఒక పూట ఒళ్ళు తెలియలేదట. గాలి సోకిందనుకుని, అత్తవారికి చెప్పొద్దని తల్లి ఒట్టు పెట్టించుకుందట.

అత్త ముఖం పాలిపోయింది. డాక్టరు గారు పాత బీపీలన్నీ తెర మీదికి తెచ్చారు. నెలనెలా పెరుగుతోంది. అంతకు ముందు విడివిడిగా చూసినప్పుడు ఏదీ భయపెట్టేంతగా అనిపించలేదు.

“రైలు ప్రయాణం వద్దు,” అన్నారాయన. “మళ్ళీ ఫిట్స్ వస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం.”

“ఒలమ్మా, ఏడో నెల్లో పంపకపోతే మా వియ్యపురాలు ఏటనుకుంటాది? ఊరంతా ఏటనుకుంటాది? పుట్టింటోళ్ళకి ఈ పిల్ల బరువైపోనాదనుకోరా?”

“ఊరంతా వచ్చి ఫిట్స్ ఆపుతుందా పిన్నీ? పిల్ల వెళ్ళకూడదు. తల్లి రాకూడదని ఎవరన్నారు?”

ఆ ఆలోచన ఆవిడకి అంతవరకూ తట్టనే లేదు. కాసేపు నన్నూ తెరనీ మార్చి మార్చి చూసి, “రమ్మంటే వస్తాదేటి?” అంది, గొంతు తగ్గించి.

వచ్చింది. చీరల మూటతో, పిండివంటల డబ్బాతో దుర్గ్ స్టేషన్‌లో దిగింది. అల్లుడింట్లో కాన్పు చేయించడం నామర్దా అని మూతి ముడుచుకుంటూనే కూతురికి వంట తనే చేసింది. వియ్యపురాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర రోజూ కీచులాడుకునేవారు. వారం వారం బీపీకి మాత్రం కోడల్ని చెరో చెయ్యి పట్టుకుని తెచ్చేవారు.

నెలలు నిండకముందే బీపీ ఒక్కసారిగా పెరిగింది. డాక్టరు గారు కాగితం మీద మొత్తం వివరాలు తీసిచ్చి, తన కారులోనే దుర్గ్ పెద్దాసుపత్రికి పంపారు. ఈసారి ఫిట్స్ రాలేదు. ఆడపిల్ల, మరీ చిన్నది. కానీ వార్డంతా లేచేలా ఏడ్చిందట.

తొలి టీకాలకి అత్తగారే మనవరాలిని ఎత్తుకొచ్చింది. వెనకాల పక్కింటి గర్భిణి నక్కి నిలబడింది.

“దీన్ని అడుగమ్మా,” అంది పెద్దావిడ. “దీనికీ మొదటిది పలాసలో, పుట్టింట్లోనే అయినాది. నానెంతడిగినా నవ్వీసి ఊరుకుంటాది.”

ఆ పిల్లకి కుర్చీ చూపించాను.